నేను పెట్టిన జంపర్లు నేనే పీకాను

మా ఫర్నేస్ (కొలిమి) ప్యానెల్ తలుపు తీస్తే కింది టెర్మినల్ వరసలో మూడు వైరు ముక్కలు ఉండేవి. వీటినే జంపర్లంటాం, సేఫ్టీ స్విచ్ ఆపమన్నా ఆగకుండా కరెంటు దాన్ని దాటి పోయేలా పెట్టే అడ్డదారి. రెండు ఎర్రవి, ఒకటి పసుపుది, ఒక్కోటి బెత్తెడు కూడా ఉండదు. ఎవరో పెట్టినవి కావు, మూడూ నేను పెట్టినవే. అర్ధరాత్రి బర్నర్ ట్రిప్ అయి (దానంతట అదే ఆగిపోయి), లోపల పెట్టిన సరుకు చల్లబడిపోతోందని షిఫ్ట్ ఇంచార్జ్ నెత్తిమీద నిలబడితే, కళ్లు నలుపుకుంటూ వచ్చి పెట్టిన ముక్కలు. పొద్దున చూద్దాంలే అనుకునే పెట్టాను. ఆ పొద్దున రావడానికి నాలుగేళ్లు పట్టింది.

మాది జడ్చర్ల దగ్గర, హైవే నుంచి కాస్త లోపలికి ఉన్న హీట్ ట్రీట్‌మెంట్ షెడ్డు. బయటివాళ్లు పోత పోసినవి, ఫోర్జింగ్ చేసినవి తెచ్చి ఇస్తారు, మేం వేడి చేసి చెప్పిన పద్ధతిలో చల్లార్చి ఇస్తాం. నేను మహబూబ్‌నగర్‌లో ఐటీఐ చేసిన ఎలక్ట్రీషియన్ని. మా ఊళ్లో మా నాన్న తరం సగం బొంబాయికో పుణెకో మట్టి పనికి వలస పోయింది. నాకు ఇంటి నుంచి బండి మీద పోయి వచ్చేంత దూరంలో పని దొరికింది, అందుకని షెడ్డు యజమాని సేటు ముందు నోరెత్తాలంటే మొదటి నుంచీ భయమే. ఇది ఎందుకు చెప్తున్నానంటే, జంపర్ పెట్టమనగానే పెట్టడానికి అది కూడా ఒక కారణం.

ఫర్నేస్ గురించి చెప్తా. ట్రాలీ ఫర్నేస్, లోపల 2 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ ఎత్తు. అటు రెండు ఇటు రెండు మొత్తం నాలుగు బర్నర్లు, ఎల్‌పీజీ మీద నడుస్తాయి. నార్మలైజింగ్ (బాగా వేడి చేసి మామూలు గాలికి చల్లార్చడం) అయితే 900 డిగ్రీలు దాటిస్తాం. పాత ప్యానెల్ అంతా రిలేలు (కరెంటుతో కొట్టుకునే స్విచ్‌లు), వెలిగించే ముందు లోపల గాలి ఊదే సమయం చూసే ఒక పర్జ్ టైమరు, బర్నర్‌కొక ఫ్లేమ్ రిలే. మంట ఉందా లేదా చూడటానికి ఒక్కో బర్నర్‌కి ఒక యూవీ సెన్సర్, అంటే మంటలోంచి వచ్చే అతినీలలోహిత కాంతిని పట్టే కన్ను. ఏదైనా తేడా వస్తే "ఫాల్ట్" అని ఒకే ఒక ఎర్ర లైటు వెలుగుతుంది. ఏ ఫాల్టో అది చెప్పదు, మనమే జాతకం చూసుకోవాలి.

మూడు జంపర్లలో మొదటిది గ్యాస్ ప్రెషర్ తక్కువైతే ఆపే స్విచ్ మీద. రెండోది బ్లోయర్ గాలి ప్రెషర్ స్విచ్ మీద. మూడోది, పసుపుది, ఒకటో నంబర్ బర్నర్ ఫ్లేమ్ రిలే కాంటాక్ట్ మీద. ఆ మూడోదే కొంప ముంచింది.

మా ఆపరేటర్ పక్క ఊరాయన, వయసులో పెద్దవాడు, నాకు వరసకు మామ కాడు గానీ మామా అనే పిలుస్తా, ఆయన అల్లుడా అంటాడు. ఇరవై ఏళ్లుగా ఫర్నేస్ ముందే ఉన్నాడు. వెలిగించేటప్పుడు గాలి బాగా తగ్గించి పెడతాడు, లేకపోతే స్పార్క్ దగ్గర మంట నిలవదని ఆయన లెక్క. ఆ రోజు సోమవారం పొద్దున, ఆదివారం సెలవు కాబట్టి ఫర్నేస్ చల్లగా ఉంది. ఒకటో బర్నర్ బటన్ నొక్కాడు, టిక్ టిక్ అని స్పార్క్ వచ్చింది, ప్యానెల్ మీద పచ్చ లైటు వెలిగింది. మంట వచ్చిందనుకున్నాడు. ఆ లైటు ఫ్లేమ్ రిలే కాంటాక్ట్ మీంచి వెళ్తుంది కదా, కాంటాక్ట్‌ని నా వైరు ముక్క షార్ట్ చేసి పెట్టింది కదా, మంట ఉన్నా లేకున్నా పచ్చగానే వెలుగుతుంది. స్పార్క్ ఎలక్ట్రోడ్ పింగాణీ పగిలి ఉందని మాకు తర్వాత తెలిసింది, మంట రానే లేదు. గ్యాస్ మాత్రం పోతూనే ఉంది. మామ గ్లవ్స్ వెతుక్కుని, ఎవరిదో ఫోన్ వస్తే మాట్లాడి, రెండు మూడు నిమిషాలకు వచ్చి రెండో బర్నర్ బటన్ నొక్కాడు.

నేను వర్క్‌షాప్‌లో ఉన్నా. శబ్దం పెద్దగా బాంబులా లేదు, ఎవరో పెద్ద గోనె సంచిని గోడకేసి కొట్టినట్టు "ధబ్" మని, దాంతోపాటు షెడ్డు రేకులన్నీ గలగలమన్నాయి. పరుగెత్తుకెళ్తే ఫర్నేస్ తలుపు గైడ్‌లోంచి పక్కకు జరిగి ఉంది, పైకప్పు సిరామిక్ ఫైబర్ దిమ్మలు నాలుగైదు ట్రాలీ మీద పడి ఉన్నాయి, తెల్లటి దూది లాంటిది గాల్లో తేలుతోంది. మామ పక్కకు నిలబడి నొక్కాడు కాబట్టి బతికాడు. కనుబొమలు, కుడి చేతి మీద వెంట్రుకలు మాడిపోయాయి. చెయ్యి ఎత్తి వాసన చూసుకుని, "పంది పిల్లను కాల్చినట్టుంది గదరా అల్లుడా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ప్యానెల్ దగ్గరికి వెళ్లి తలుపు తీసి ఆ పసుపు ముక్క చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

తర్వాత లెక్క వేసుకున్నా. ఫర్నేస్ లోపల 12 ఘనపు మీటర్లు. ఎల్‌పీజీ గాలిలో దాదాపు 2 శాతం ఉంటే చాలు అంటుకుంటుంది. పన్నెండులో 2 శాతం అంటే పావు ఘనపు మీటరు, తూకంలో సుమారు అర కిలో. ఇంట్లో సిలిండర్‌లో 14.2 కిలోలు ఉంటుంది, అందులో అర కిలో ఎంతని. మా ఒక్కో బర్నర్ పూర్తి మంట మీద గంటకు పన్నెండు కిలోలు కాలుస్తుంది, అంటే అర కిలో వదలడం దానికి రెండున్నర నిమిషాల పని. అది కూడా ఫర్నేస్ మొత్తం సమంగా నిండితే. నిజానికి నిండక్కర్లేదు, ఒక మూల చిక్కగా చేరినా చాలు. పైగా ఎల్‌పీజీ గాలి కంటే బరువు, కిందికి దిగి ట్రాలీ పట్టాల గుంటలో కూర్చుంటుంది.

సేటుకు కూడా ఈసారి భయమేసింది. బీమా వాళ్లు ఏం అడుగుతారో అని భయమో, మామ గురించి భయమో నేను చెప్పలేను, మొత్తానికి పుణె నుంచి ఒక పెద్దాయన్ని పిలిపించాడు. కంబషన్ పనిలోనే తల నెరిసిన మనిషి. వచ్చీ రాగానే టీ కూడా తాగకుండా ప్యానెల్ తీయించాడు. మూడు ముక్కల మీద టార్చి వేసి, "యే కిస్నే లగాయా?" (ఇవి ఎవరు పెట్టారు?) అన్నాడు. షిఫ్ట్ ఇంచార్జ్ పైకప్పు చూస్తున్నాడు. "మైనే సాబ్" (నేనే సార్) అన్నా. తిడతాడనుకున్నా. తిట్టలేదు, "క్యూఁ?" (ఎందుకు?) అని అడిగి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మూడింటికీ వేరువేరుగా కారణం చెప్పించుకున్నాడు, ఏ నెలలో, ఏ టైముకు ట్రిప్ అయ్యేది, అప్పుడు ఎండా వానా చలా, అన్నీ. నేను చెప్తుంటే పెన్సిల్‌తో రాసుకున్నాడు. ఆ గంట నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే నాలుగేళ్లలో ఆ ప్రశ్న నేను కూడా నన్ను అడుక్కోలేదు.

మా షిఫ్ట్ ఇంచార్జ్ అప్పుడొక మాటన్నాడు, "సార్, లోపల 900 డిగ్రీలు ఉంటది, గ్యాస్ వదిలితే దానంతట అదే అంటుకుంటది, సెన్సర్లు ఎందుకు సార్" అని. సగం నిజం. ఫర్నేస్‌ల భద్రత గురించి అమెరికా వాళ్లు రాసిన ఎన్‌ఎఫ్‌పీఏ 86 ప్రమాణంలో కూడా లోపల 760 డిగ్రీలు దాటితే మంట సెన్సర్ మీద ఆధారపడకుండా నడపొచ్చని ఉంది. అయితే ఆ 760 ఉందని వేరే ఒక ఇంటర్‌లాక్ (షరతు తీరకపోతే నడవనివ్వని ఏర్పాటు) రుజువు చేస్తూ ఉండాలి, మన నోటి మాట కాదు. అసలు ప్రమాదం 900 దగ్గర లేదు, సోమవారం పొద్దున చల్లటి ఫర్నేస్ దగ్గర ఉంది. జంపర్‌కి సోమవారం ఏదో శుక్రవారం ఏదో తెలియదు.

ఆ తర్వాత పర్జ్ టైమర్ చూశాడు. పర్జ్ అంటే వెలిగించే ముందు బ్లోయర్‌తో లోపలి పాత గాలిని, ఏమైనా గ్యాస్ మిగిలి ఉంటే దాన్ని, బయటికి తోసేయడం. గది ఘనపరిమాణానికి కనీసం నాలుగింతల కొత్త గాలి పోవాలి. మావి 12, నాలుగు రెట్లు 48 ఘనపు మీటర్లు. డ్యాంపర్లు (గాలి దారిలోని పలకలు) పూర్తిగా తెరిచి కొలిస్తే మా బ్లోయర్ ఫర్నేస్‌లోకి తోసేది గంటకు 720. అంటే 48 తోయడానికి నాలుగు నిమిషాలు, 240 సెకన్లు. మా టైమరు ఎంతకు పెట్టి ఉందో తెలుసా? 40 సెకన్లకు. నలభై సెకన్లలో వచ్చే గాలి 8 ఘనపు మీటర్లు, గది ఒక్కసారి కూడా నిండదు. అదీ డ్యాంపర్ పూర్తిగా తెరిస్తే, మామ తగ్గించి పెట్టేవాడు కదా. ఆ టైమర్‌ని నలభైకి ఎవరు తిప్పారో మాత్రం ఈరోజుకీ ఎవరూ ఒప్పుకోలేదు. ఇది మాత్రం నేను కాదు.

ఇంకోటి, గ్యాస్ లైన్‌లో కరెంటుతో తెరుచుకునే మెయిన్ సోలినాయిడ్ వాల్వ్ ఒక్కటే ఉండేది. దాన్ని మూసి, కింద బర్నర్ గొట్టం విప్పి సబ్బు నురగ పెడితే బుడగలొచ్చాయి. అంటే వాల్వ్ మూసి ఉన్నా సన్నగా లీకవుతోంది, ఆదివారం మొత్తం. మేం మెయిన్ కాక్ (చేత్తో తిప్పే వాల్వు) మూసి ఇంటికి పోయిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కొత్త సిస్టం గురించి కొటేషన్లు వచ్చినప్పుడు పెద్ద గొడవే అయింది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ప్యానెల్ తయారీ కుర్రాడు అన్నీ ఒకే పీఎల్‌సీలో (యంత్రాలు నడిపే చిన్న కంప్యూటర్‌లో) పెట్టేస్తానన్నాడు, టచ్ స్క్రీన్ మీద బర్నర్ బొమ్మలు, మంట యానిమేషన్, ఫోన్‌కి మెసేజ్‌లు. సేటు కళ్లు మెరిశాయి. పుణె ఆయన ఒప్పుకోలేదు. మామూలు పీఎల్‌సీ టెంపరేచర్ చూసుకోనీ, బొమ్మలు చూపించనీ, మంట విషయంలో మాత్రం దాన్ని దూరనివ్వను అన్నాడు. ఆయన వాదన ఏంటంటే, మామూలు పీఎల్‌సీ అవుట్‌పుట్ పాడైతే ఆన్‌లో అతుక్కుని పాడవుతుందా ఆఫ్‌లోనా ఎవరూ హామీ ఇవ్వలేరు. బర్నర్ కంట్రోలర్ ఆ పని కోసమే తయారై సర్టిఫికెట్ పొందింది, వెలిగించే ముందే తన సెన్సర్ ఇన్‌పుట్ సరిగ్గా ఉందో లేదో తనే చూసుకుంటుంది, మంట లేనప్పుడు మంట ఉన్నట్టు సిగ్నల్ వస్తే వెలిగించడమే మొదలుపెట్టదు. నేను వింటూ మనసులో అనుకున్నా, ఈ ఒక్క గుణం పాత ప్యానెల్‌కి ఉంటే నా పసుపు ముక్క మొదటి రోజే దొరికిపోయేది.

చివరికి కుదిరింది ఇది: నాలుగు బర్నర్లకు నాలుగు కంట్రోలర్లు. వాటికి పైన ఒక సేఫ్టీ లైను, అందులో గ్యాస్ తక్కువ, గ్యాస్ ఎక్కువ, గాలి ప్రెషర్, అదనపు టెంపరేచర్ లిమిట్, ఎమర్జెన్సీ స్టాప్, అన్నీ వరసగా, నేరుగా వైర్లతో. అందులో ఏ ఒక్కటి తెగినా గ్యాస్ వాల్వులకు కరెంటు పోతుంది, మధ్యలో ఏ సాఫ్ట్‌వేరూ లేదు. టెంపరేచర్ లిమిట్‌కి వేరే థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ), వేరే గొట్టంలో. ఇంతకుముందు కంట్రోల్‌కీ లిమిట్‌కీ ఒకే థర్మోకపుల్ ఉండేది, అది చెడితే దొంగా పోలీసూ ఇద్దరూ కలిసే నిద్రపోయేవారు. గ్యాస్ లైన్‌లో ఒకటి కాదు రెండు వాల్వులు వరసగా, మధ్యలో లీక్ పరీక్షకు ఒక ప్రెషర్ స్విచ్. యూవీ సెన్సర్లు తీసేసి ఫ్లేమ్ రాడ్‌లు. ఖర్చు ఎంతయిందో నాకు పూర్తిగా చెప్పలేదు గానీ, సేటు ఆ ఏడాది మార్చాలనుకున్న కారు మార్చలేదు.

యూవీ ఎందుకు తీసేశామంటే, మా బర్నర్లు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటో నంబర్ సెన్సర్‌కి తన మంట కంటే ఎదురుగా ఉన్న మూడో నంబర్ మంటే బాగా కనిపించేది. తనది ఆరినా ఎదుటిది చూసి "ఉంది ఉంది" అనేది. అద్దానికి మసి పడితే రెండూ కనపడక ట్రిప్ అయ్యేది. అంటే ఉన్నప్పుడు లేదని, లేనప్పుడు ఉందని. అలాంటి సాక్షిని కోర్టులో కూడా నమ్మరు. రాడ్ అయితే తన బర్నర్ మంటలోనే మునిగి ఉంటుంది, మంటలోంచి వెళ్లే సన్నటి కరెంటు కొలుస్తుంది, పక్కవాడి మంటతో దానికి పని లేదు.

పాత ప్యానెల్ పీకిన రోజు జంపర్లు మూడూ నేనే విప్పాను. కొత్తది పెట్టి కరెంటిచ్చి మొదటిసారి స్టార్ట్ నొక్కితే పర్జ్ కూడా మొదలవలేదు, లీక్ టెస్ట్ ఫెయిల్ అని వచ్చింది. వాల్వులు డబ్బాలోంచి అప్పుడే తీసినవి! ఈ పరీక్ష ఎలా జరుగుతుందంటే, ముందు రెండో వాల్వు కాసేపు తెరిచి మధ్య గొట్టంలో ఉన్నది ఖాళీ చేసి మూస్తుంది. కాసేపు ఆగి చూస్తుంది, మధ్యలో ప్రెషర్ పెరిగితే మొదటి వాల్వు లీకు. పెరగకపోతే మొదటిది ఒక క్షణం తెరిచి మధ్య గొట్టం నింపి మూస్తుంది, ఈసారి ప్రెషర్ తగ్గితే రెండోది లీకు. మాది మొదటి దశలోనే ఫెయిలైంది. ప్యానెల్ కుర్రాడు "సెన్సర్ సెట్టింగ్ కొంచెం లూజ్ చేద్దాం అన్నా" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది, నేను కూడా ఒకప్పుడు సరిగ్గా అదే మాట అనేవాణ్ణి కాబట్టి. వాల్వు విప్పించాను. సీటు మీద తెల్లటి టెఫ్లాన్ టేపు ముక్క, గోరంత, దానికి అతుక్కుని తుప్పు రేణువు. పైపు బిగించేవాడు టేపు మొదటి మరమీద నుంచే చుట్టాడు, చివర ముక్క తెగి గ్యాస్‌తోపాటు కొట్టుకొచ్చి కూర్చుంది. పాత పైపులు గాలితో ఊదకుండానే కలిపారు, ఫిల్టర్ ఇంకా పార్సిల్‌లోనే ఉంది. మొత్తం లైను మళ్లీ విప్పి, ఊది, ఫిల్టర్ పెట్టి బిగించేసరికి రెండు రోజులు. సేటు మొహం మాడింది.

తర్వాత నాలుగో బర్నర్ సతాయించింది. మిగతా మూడూ వెలిగి నిలబడ్డాయి, నాలుగోది వెలుగుతుంది, కంటికి నీలం మంట చక్కగా కనిపిస్తుంది, రెండు మూడు సెకన్లకు లాకౌట్, అంటే కంట్రోలర్ ఆపేసి మనిషి వచ్చి రీసెట్ చేసేదాకా కదలదు. రాడ్ వైరుకి సిరీస్‌లో మీటరు పెడితే మిగతావి 6, 7 మైక్రో ఆంపులు చూపిస్తున్నాయి, ఇది 0.4 కీ 0.8 కీ మధ్య ఊగుతోంది. మా కంట్రోలర్‌కి కనీసం 1 కావాలి. రాడ్ మార్చాం, అదే. కేబుల్ మార్చాం, అదే. మూడో నంబర్ కంట్రోలర్ పీకి ఇక్కడ పెట్టాం, అయినా అదే. రాత్రి పదకొండయింది. మామ వచ్చి, "మూడు మంచిగున్నయి గదా, నాలుగోదానికి మాత్రం ఏదన్న జెయ్యరాదు" అన్నాడు. ఏదన్నా అంటే ఏంటో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నేను మామ మొహంలో కనుబొమలు మొలిచాయా లేదా అని చూశా. ఆయన ఇంకేం అనకుండా బయటికి పోయి బీడీ ముట్టించుకున్నాడు.

పొద్దున ఫోన్ చేస్తే పుణె ఆయన ఒకే ప్రశ్న అడిగాడు, రాడ్ నుంచి మంటలోకి వెళ్లిన కరెంటు తిరిగి ఏ దారిన వస్తుంది అని. బర్నర్ ఇనుములోంచి, ఎర్త్ మీదుగా. అప్పుడు వెలిగింది నా బుర్రలో. నాలుగో బర్నర్ ఒక్కటే కొత్తగా దించి, కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టుల మీద కూడా దట్టంగా సిల్వర్ పెయింట్ కొట్టి బిగించారు. బర్నర్ బాడీకీ ప్యానెల్ ఎర్త్ పట్టీకీ మధ్య మీటరు పెడితే సరైన కంటిన్యుటీయే లేదు. ఒక లగ్ దగ్గర పెయింట్ గీకి, పచ్చ వైరు నేరుగా ప్యానెల్ దాకా లాగా. స్టార్ట్ నొక్కితే 6.2. నాలుగు బర్నర్లకూ అలాగే వైర్లు లాగేశా. ఎవరైనా రాడ్‌లకు మారుతుంటే ఇది ముందే చూసుకోండి, అలాగే కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలో న్యూట్రల్ వైపు ఎర్త్ అయి ఉందో లేదో కూడా. లేకపోతే మీరూ రాడ్‌లు మారుస్తూనే కూర్చుంటారు.

నడక మొదలయ్యాక పరీక్షలు పెట్టాం. ఒక్కో బర్నర్ నడుస్తుండగా దాని చేతి కాక్ టక్కున మూసి స్టాప్‌వాచ్ పట్టుకుని, మంట పోయిన తర్వాత ఎన్ని సెకన్లకు వాల్వులకు కరెంటు తెగుతుందో చూశాం. 4 సెకన్లు దాటకూడదు. మావి ఒకటి రెండు సెకన్లలో తెగాయి. బ్లోయర్ ఆపి చూశాం, గ్యాస్ తగ్గించి చూశాం, లిమిట్ తగ్గించి పెట్టి చూశాం. ప్రతిసారీ ఏది మొదట తెగిందో ప్యానెల్ మీద పేరుతో వస్తోంది. ఆ జాతకం చూసే పని తప్పింది.

మామకు మాత్రం రెండు విషయాలు అస్సలు నచ్చలేదు. ఒకటి నాలుగు నిమిషాల పర్జ్. "గిట్ల నిలబడి ఏం జెయ్యాలె అల్లుడా, అన్నం తిని రావొచ్చు" అనేవాడు. రెండోది రీసెట్. పాత ప్యానెల్‌లో మంట రాకపోతే రీసెట్ నొక్కడం, మళ్లీ స్పార్క్, మళ్లీ రీసెట్, పది పన్నెండు సార్లు. ప్రతి ప్రయత్నంలో కొన్ని సెకన్లు గ్యాస్ లోపలికి పోతుంది, కాలదు, పేరుకుంటుంది, పదమూడోసారి స్పార్క్ బాగా పడితే అంతే. ఇప్పుడు మంట రాకపోతే లాకౌట్, మనిషి వచ్చి చూసి రీసెట్ చేసినా మళ్లీ మొత్తం పర్జ్ మొదటి నుంచి. ఫోన్ నుంచి రీసెట్ చేసే సదుపాయం కూడా ఉందని కుర్రాడు చూపించబోతే పుణె ఆయన అది తీయించేశాడు. ఫర్నేస్ ముందు నిలబడనివాడికి దాన్ని వెలిగించే హక్కు లేదట.

అసలు కథ ఇక్కడి నుంచే. జంపర్లు లేని ఫర్నేస్ నెల రోజులు మాకు నరకం చూపించింది. పెట్టింది కార్తీకంలో. తెల్లవారుజామున నాలుగింటికి "గ్యాస్ తక్కువ" అని ట్రిప్. పాత రోజుల్లో నా మొదటి జంపర్ పుట్టిన టైము సరిగ్గా అదే. ఈసారి స్విచ్ దగ్గరికి పోకుండా సిలిండర్ల షెడ్డుకి పోయా. టార్చి వేస్తే సిలిండర్ల కింది సగం తెల్లగా మంచు పట్టి ఉంది, పాలమూరు చలికి కాదు, లోపల ద్రవం ఆవిరవుతూ తన వేడి తనే తాగేయడం వల్ల. నాలుగు బర్నర్లు పూర్తిగా కాలుతుంటే గంటకు నలభై ఎనిమిది కిలోలు కావాలి, ఆ సిలిండర్లు చలిలో అంత ఆవిరి ఇవ్వలేవు. స్విచ్ నాలుగేళ్లుగా నిజమే చెప్తోంది. మేం ఏం చేసేవాళ్లమంటే దాని నోరు మూసి, సిలిండర్ల మీద బకెట్లతో వేడినీళ్లు పోసేవాళ్లం, తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది. ద్రవం తీసే సిలిండర్లు, ఆ ద్రవాన్ని వేడి చేసి ఆవిరిగా మార్చే, వేడినీళ్ల తొట్టి లాంటి ఒక వేపరైజర్ పెట్టాక ఆ ట్రిప్ మళ్లీ రాలేదు.

రెండోది గాలి ప్రెషర్. ఇది మధ్యాహ్నం పూట, అదీ పత్తి సీజన్‌లోనే. మా కాంపౌండ్ గోడ అవతల పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు. సంక్రాంతి దాకా గాల్లో పత్తి నూగు ఎగురుతూనే ఉంటుంది. బ్లోయర్ ఫిల్టర్ తీసి చూస్తే కంబళి పరిచినట్టు మందంగా పట్టి ఉంది, వేళ్లతో చుట్టి తీస్తే పొర మొత్తం ఒకే ముక్కగా ఊడి వచ్చింది. గాలి తక్కువై మంట పసుపు తిరిగి మసి పడుతోంది, ఆ మసే పాత యూవీ అద్దాల మీద కూర్చునేది. అంటే నా రెండో జంపర్ కింద దాచిన జబ్బే మూడో జంపర్‌ని కూడా పుట్టించింది. ఇప్పుడు దసరా నుంచి సంక్రాంతి దాకా రెండు రోజులకోసారి ఫిల్టర్ దులపడం మామ పని. తిట్టుకుంటూనే చేస్తాడు, చేశాక ప్యానెల్ మీద గాలి ప్రెషర్ అంకె ఎంత పెరిగిందో మాత్రం నన్ను పిలిచి చూపిస్తాడు.

గ్యాస్ ఖర్చు కూడా తగ్గిందని సేటు అంటున్నాడు. ఎంత అనేది ఆయన లెక్క, నాకు తెలిసింది పొగ గొట్టం చివర నల్లదనం పోయిందని.

మాకు ఇంకో ఫర్నేస్ ఉంది, చిన్నది, రెండు బర్నర్లది, టూల్స్ కోసం. దానికి కూడా ఇలాగే చేద్దామంటే సేటు దసరా తర్వాత చూద్దాం అన్నాడు, ఏ ఏడాది దసరానో చెప్పలేదు. పాత ప్యానెలే, పాత వాల్వే. దాని పర్జ్ టైమరు లెక్క ప్రకారం మార్చా, సాయంత్రం మెయిన్ కాక్ మూసి సంతకం పెట్టే పుస్తకం ఒకటి పెట్టా, దాంట్లో ఉన్న నా రెండు జంపర్లు ఎవరినీ అడగకుండా పీకేశా. అప్పటి నుంచి వారానికి మూడుసార్లు ట్రిప్ అవుతోంది, షిఫ్ట్ ఇంచార్జ్ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

మొన్న బుధవారం దాంట్లో "గ్యాస్ ఎక్కువ" స్విచ్ కొట్టింది. గ్యాస్ ప్రెషర్ తగ్గించి నిలిపే రెగ్యులేటర్ ఎందుకు పట్టుకోవట్లేదా అని దాని చుట్టూ వేలితో తడుముతుంటే, పక్కనున్న గాలి రంధ్రం చేతికి తగల్లేదు. కందిరీగ దాంట్లో మట్టితో గూడు కట్టి, నున్నగా మూతి కూడా పూడ్చేసింది. స్క్రూడ్రైవర్‌తో తవ్వి తీస్తే లోపల ఆకుపచ్చ పురుగులు రెండు. రెగ్యులేటర్ ఊపిరి తీసుకుంది, ప్రెషర్ దిగింది. ఆ రంధ్రానికి సన్నటి జాలీ ఉన్న మూత పెట్టాలి. బాదేపల్లిలో అడిగితే ఆ సైజు లేదన్నారు, రేపు షాద్‌నగర్ పోయి చూడాలి.